పల్చబడిన సంగటి

పొద్దున్నుంచి ముసురు. కొండ కనపడలేదు. పడీ పడని తుంపరలో శెనక్కాయ చేలో కలుపు తీస్తున్నాం. నేల మెత్తగా ఉండి గడ్డి వేళ్లతో సహా వస్తోంది. కూలివాళ్లు కూడా తలెత్తకుండా పని చేస్తున్నారు. సంగటి వేళ అవుతుండగా మామ గట్టు మీద నడుచుకుంటూ వచ్చాడు. చేతిలో గొడుగు ఉంది, తెరవలేదు.

"మీ అత్త పోయిందప్పా" అన్నాడు.

ఆ మాట చెప్పి నా పక్క సాలులో కూర్చుని రెండు మూడు కలుపు మొక్కలు పీకాడు. తర్వాత ఇద్దరం లేచాం.

ఆమె మా నాన్నకు అక్క. పుంగనూరు నుంచి మదనపల్లె పోయే దారిలో, రోడ్డుకు లోపలగా మా పల్లె. మా రెండిళ్లకూ నడుమ ఒకటే గోడ. మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది కాబట్టి నేను తిన్న సంగటంతా ఆ గోడకు అవతలిదే. తెల్లవారి లేచి పోతే పొయ్యి దగ్గర ఆవిరి తప్ప ఏమీ ఉండేది కాదు. మొహం కనపడదు, గాజుల చప్పుడు మాత్రం వినపడేది. నూకలు ఉడికాక రాగిపిండి పోసి, కుండ దించి, రెండు పాదాల మధ్య అదిమిపెట్టి తెడ్డుతో గెలికేది. తడి చేత్తో ముద్ద చేసి కంచంలో పెడితే అది కదిలేది కాదు.

మా వైపు సంగటిని నమలరు. తుంచి, ఊరిబిండి పచ్చడిలో అద్ది మింగుతారు. చిన్నప్పుడు నేను నములుతూ కూర్చుంటే అత్త అనేది, "నోట్లో నిలబెట్టుకోవద్దు నాయనా. పోయే దారి దానికి తెలుసు."

పంతొమ్మిది వందల డెబ్బై అయిదు ప్రాంతంలో ఆమె కాలి మీద పుండు మానకపోతే మదనపల్లె తీసుకుపోయాం. చక్కెర జబ్బు అన్నారు. డాక్టరమ్మ మాత్రలు రాసి, వరన్నం తగ్గించి సంగటి తినమంది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అత్త ఒకటే నవ్వు.

"ఇంత దూరం వచ్చి, పొద్దంతా కూర్చుని తెలుసుకుంటిమి గదప్పా, మనం తినేదే తినమని."

అప్పటినుంచి నెలకోసారి మదనపల్లె. వెనక గదిలో కాంపౌండరు గాజు గొట్టంలో నీలం మందు పోసి, అందులో మూత్రం చుక్కలు కలిపి, స్పిరిట్ దీపం మీద కాచేవాడు. చక్కెర లేకపోతే నీలం అట్లాగే నిలుస్తుంది. కొంచెముంటే ఆకుపచ్చ, ఎక్కువుంటే పసుపు, మరీ ఎక్కువైతే ఇటుకరంగు. అత్తకు ఎప్పుడూ ఇటుకరంగే.

"ఇల్లు కట్టుకోవచ్చు పెద్దమ్మా, ఇన్ని ఇటుకలు" అనేవాడు కాంపౌండరు.

"సున్నం నువ్వియ్యి, కడతా" అనేది అత్త.

రెండేళ్ల కిందట ఆమె సంగటి మెత్తబడడం మొదలైంది. మొదట రాగులు బాగలేవంది. "గొంతులో పట్టుకుంటాండాయి" అని వేరే రాగులు తెప్పించింది. తర్వాత మిషన్‌ను తప్పుపట్టి పిండి పుంగనూరులో ఆడించుకొచ్చింది. పాత చీర గుడ్డలో జల్లించింది. అదీ కాలేదు. ఎసట్లో నీళ్లు పెంచింది. నెల నెలకూ ముద్ద కిందికి జారి, అంచులు విడిచి, కంచమంతా పరుచుకునేది. ఆమె ఒక తునక మింగి, రొమ్ము మీద చెయ్యి పెట్టుకుని, దూరంగా ఎవరో వస్తున్నట్టు కాసేపు వినేది. తర్వాత నీళ్లు తాగేది.

మా కూలివాళ్లలో ఒక ముసలాయన ఉన్నాడు. అత్త చేలో సంగటి తట్ట దించగానే ముద్ద మీద వేలితో గీత గీసి చూసేవాడు. "పెద్దమ్మా, ఇది తినేదా, తాగేదా?"

"మీలో పళ్లు లేనోళ్లు ఉండారు గదప్పా, వాళ్ల కోసం."

"సంగటికి పళ్లెందుకు పెద్దమ్మా?"

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఇంటికి వచ్చేదారిలో మాత్రం, "నా చెయ్యి చెడిపోయింది నాయనా. ముందు మాదిరి రాలేదు" అంది. ఆమె నిజంగా అట్లాగే అనుకుంది. ముప్ఫై నలభై మందికి ఒంటి చేత్తో గెలికిన మనిషి, తప్పు తన తెడ్డులో వెతుక్కుంది. గొంతు సంగతి ఆమెకు తోచలేదు, మాకూ తోచలేదు.

కొన్నాళ్లకు గంజి అడిగింది. మామకు కోపం వచ్చింది. "డాక్టరమ్మ ఒద్దన్న బియ్యం మీదే నీకు ప్రాణం. సంగటి దిగలేదంట, ఎవురికి చెప్తాండావు?" ఆమె రవికలు వదులయ్యాయి. చక్కెర జబ్బు మనిషిని కరిగిస్తుందని మా ఊళ్లో అందరికీ తెలుసు. కరిగిన వాళ్లను చూశాం కాబట్టి అది కూడా వింతగా కనపడలేదు.

పోయిన చలికాలంలో ఒక దినం గొట్టం నీలంగా నిలిచింది. కాంపౌండరు నమ్మలేక ఇంకోసారి కాచాడు. మళ్లీ నీలమే. కిటికీ దగ్గరికి తీసుకుపోయి అత్తకు చూపించాడు. వాన వెలిసిన సాయంకాలం తూర్పున కనపడే రంగు అది. ఆమె చాలాసేపు చూసింది.

"ఇది నాదేనా అప్పా?"

"నీదే పెద్దమ్మా. పథ్యం బాగా చేస్తాండావు."

డాక్టరమ్మ సంతోషపడి మాత్రలు తగ్గించింది. నేను బస్టాండులో కనకాంబరాలు కొన్నాను. ఊరు చేరేదాకా ఆమె కిటికీ పక్కన కూర్చుని, కొప్పులో పూలు కదులుతుండగా కునుకు తీసింది. మామ విని, "సూడు, గంజి మానుకుంటే ఎట్లుంటుందో" అన్నాడు. ఆమె చాటుగా తాగే గంజి కూడా సగం వదిలేస్తోందని అప్పటికి ఎవరికీ తెలియదు.

కుప్పంలో ఇచ్చిన కూతురు ఆ నెలలోనే వచ్చింది. తల్లి వడ్డించిన కంచం చూసి, "ఇది యాడి సంగటే అమ్మా?" అంది. లేచి తనే గట్టిగా గెలికి, పాత పద్ధతిలో ముద్ద చేసి తల్లి ముందు పెట్టింది. అత్త ఆ ముద్దను ఇష్టంగా చూసింది. గోరంత తుంచి మింగింది. అది దిగలేదు. కళ్లలో నీళ్లు తిరిగి, ఉన్నదున్నట్టు వెనక్కి వచ్చింది. "పోయే దారి మర్చిపోయినట్టుండాది" అంది అత్త, కొంగుతో మూతి తుడుచుకుంటూ. మామ మజ్జిగ చెంబు పట్టుకుని వాకిట్లో అట్లాగే నిలబడిపోయాడు.

మర్నాడు కుప్పం పోయాం. అక్కడినుంచి రైల్లో బెంగళూరు. పెద్దాసుపత్రిలో సున్నం కలిపిన నీళ్లలాంటి మందు తాగించి ఎక్స్‌రే తీశారు. డాక్టరు దాన్ని వెలుతురుకు పెట్టి చూపించాడు. తెల్లగా దిగుతున్న మందు ఒకచోట దారమంత సన్నబడింది. "మన యేటి కాలవ ఎండాకాలం ఇట్లే ఉంటాది" అంది అత్త.

అన్నవాహికలో కేన్సరు. వక్కాకులో పొగాకు వేస్తుందా అని అడిగారు. వేసేది. చక్కెర వల్ల వచ్చిందా అని నేనడిగాను. డాక్టరు చెప్పాడు.

"అది నేను చెప్పలేను. దాని వల్లే అనడానికి నా దగ్గర ఆధారం లేదు. చక్కెర మనిషిని సన్నం చేస్తుంది, ఇదీ చేస్తుంది. మీరు మొదటిదాన్నే చూస్తూ ఉండిపోయారు. తిండి దిగకపోతే మూత్రంలో చక్కెర ఎక్కడనుంచి వస్తుంది?"

అప్పుడు నాకు ఆ నీలం రంగు కళ్లముందుకొచ్చింది.

కోసేంత బలం లేదని రేడియేషన్ ఇచ్చారు, మా వాళ్లు కరెంటు పెట్టడం అంటారు. జావ దిగింది. కొన్ని నెలలు అదే మాకు పెద్ద సంగతి. ఊరికి తెచ్చాక వాకిట్లో మంచం వేస్తే, పగలంతా నిద్రకూ మెలకువకూ మధ్య ఉండేది. నేను చేలోనుంచి రాగానే కల చెప్పేది. ఎప్పుడూ ఒకటే కల. పెద్ద ఆవిరి, అందులో మంది కూర్చుని ఉంటారు. మా నాన్న, మా అమ్మ, ఎప్పుడో పోయిన కూలివాళ్లు. అందరికీ ముద్దలు పెట్టి తనూ కూర్చుంటుంది.

"సల్లగా జారిపోతాండాది నాయనా. ఎంత తిన్నా అడ్డం లేదు."

"ఊరిబిండి ఉండాదా అత్తా?"

"లేకుండా యాల తింటాను?"

మామ ఆ మంచం పక్కనే కూర్చుని, చెంచాతో జావ పడుతూ, అది దిగేదాకా ఆమె గొంతు వైపే చూసేవాడు. గంజి మాట మళ్లీ ఎత్తలేదు.

దినాలు అయిన మర్నాడు కూడా ముసురు విడవలేదు. కలుపు సగంలో ఉంది కాబట్టి కూలివాళ్లను పిలిచాం. కూతురు అత్త కుండలోనే సంగటి చేసి పంపింది. తట్ట దించితే ముద్దలు గుండ్రంగా, కదలకుండా, ఆవిరి విడుస్తూ ఉన్నాయి. తుంపర వాటి మీద పడి జారిపోయింది. ముసలాయన అలవాటుగా వేలు పెట్టబోయి, తీసుకున్నాడు. కాసేపు ఎవరూ తుంచలేదు.

మధ్యాహ్నం బస్సుకు కూతురు కుప్పం పోయింది. పొద్దు గూకకముందే కూలివాళ్లు పోయారు. అత్త పోయింది మంగళవారం, చేలోకి సంగటి పోయే వేళకు.