బావి దగ్గర మనిషికి రెండో మాట

నేనూ, నా స్నేహితుడూ కలిసి నిజామాబాద్‌లో వాళ్ళ నాన్న గడియారాల దుకాణం పైగదిలో ఒక వీడియో గేమ్ తయారుచేస్తున్న రోజులవి. ఆడేవాళ్ళు అందులో ఒక మనిషి వేషం వేసుకుని, ఊళ్ళు తిరిగి, బలం పెంచుకుని, చివరికి కొండమీది రాక్షసుణ్ణి చంపాలి. ఇలా వేషం వేసుకుని ఆడే ఆటల్నే ఆర్పీజీలంటారు. కొట్లాటా, లెవెళ్ళూ లేకపోతే అది ఆర్పీజీయే కాదని వాడి పట్టు. కథ ముఖ్యమని నా పట్టు.

అప్పుడే మా మేనత్త పంటి వైద్యానికి మా ఇంటికి వచ్చింది. బోధన్ దగ్గర చెరుకు పండిస్తుంది. డాక్టరు ఐదుసార్లు రమ్మన్నాడు. ఏమీ తెలియని మనిషి ఆడితే తప్పులు బయటపడతాయని, ఒకరోజు ఆమెను పైగదికి తీసుకెళ్ళి చేతికి కంట్రోలర్ ఇచ్చాను.

ఆటలో నేలమీద పడున్న కత్తి తీసుకోమన్నాం. "ఎవలదో ఏమో" అని ముట్టలేదు. బావి దగ్గరున్న ముసలాయనతో మాట్లాడింది. కొండమీద రాక్షసుడున్నాడు, జాగ్రత్త అన్నాడాయన. మళ్ళీ బటన్ నొక్కింది. మళ్ళీ అదే మాట. నాలుగోసారికి ఆమె మొహం మారిపోయింది.

"ఓరి, గీయనకు పానం మంచిగ లేదురా. ఎన్నిసార్లు పలకరించినా ఒక్కటే మాట అంటుండు. ఇంట్లోళ్ళు ఎవ్వలు లేరా?"

"బొమ్మ అత్తా. గంతే మాట్లాడుతడు."

"బొమ్మైతే మాత్రం గట్ల ఎండల నిలవెడ్తరా?"

రెండోసారి ఆమె వచ్చేసరికి నా స్నేహితుడు ముసలాయనకు ఇంకో మాట రాసిపెట్టాడు: "తిన్నవా బిడ్డా?" అత్త తెరవైపు చూసి, "తిన్న. నువ్వు తిన్నవా?" అంది. జవాబు చెప్పే బటన్ లేదు. అదీ పెట్టాల్సి వచ్చింది. ఇళ్ళలో కుండలు పగలగొడితే గాయాలు మానే మందు సీసాలు దొరుకుతాయని చెబితే, మంది ఇంట్ల కుండలు పలగ్గొడ్తరా అని మా ఇద్దరినీ తిట్టింది. వాడు తలవంచుకుని, లోపలికి వెళ్ళేముందు తట్టి పిలిచేలా ప్రతి తలుపుకూ గొళ్ళెం చప్పుడు పెట్టాడు.

ఐదోసారి, పంటికి తొడుగు పడిన రోజు, ఆమె కొండ ఎక్కేసింది. కత్తి లేదు, ఇంకా మొదటి లెవెలే. రాక్షసుడు గర్జించాడు. అత్త మాట్లాడే బటన్ నొక్కింది. వాడికి మేం మాటలేవీ రాయలేదు. ఆట అక్కడే బిగుసుకుపోయింది.

"సిగ్గుపడుతుండు పాపం" అంది అత్త. పావుగంట ఓపిగ్గా చూసింది. తర్వాత కంట్రోలర్ కింద పెట్టి, "తొందరపెట్టకుండ్రి, మాట్లాడుతడు" అని చెప్పి బోధన్ బస్సుకు వెళ్ళిపోయింది.

దాన్ని సరిచేద్దామన్నాను. కొట్లాట లేనిదే ఆర్పీజీ కాదన్నవాడే అడ్డం తిరిగాడు. "అరె భాయ్, మీ అత్తమ్మ చెప్పిండ్రు గద. జర ఆగు."

వారం ఆగి, వాడికి చెప్పకుండా నేనే సరిచేశాను. ఇప్పుడు రాక్షసుడు కనబడగానే కొడతాడు. ఆట బయటికి వచ్చింది, కొందరు ఆడుతున్నారు, అందరూ వాణ్ణి చంపుతున్నారు. అత్త ఫోన్ చేసినప్పుడల్లా చెరుకు కొట్టుడు ముచ్చట చెప్పి, చివర్లో గొంతు తగ్గించి అడుగుతుంది.

"కొండ మీద గాయన ఏమన్న మాట్లాడిండా?"

"ఇంకా లేదత్తా" అంటాను.