టీచర్ గారి సుద్దగీత

పోయిన నెల ఒక పొద్దున్న షాపు షట్టరు సగం ఎత్తానో లేదో, డ్రాయింగ్ టీచర్ గారి అమ్మాయి ఫోన్ చేసింది. "అంకుల్, ఒక షామియానా, ఓ వంద కుర్చీలు కావాలి" అంది. ఆ ఇంటి నుంచి షామియానా అడిగారంటే నాకు తెలిసిన అర్థం ఒక్కటే, ఇంకో బొమ్మల ప్రదర్శన. "పమిడిముక్కల గోడౌను ఖాయం చేసేశారా? అమ్మగారికి ఫోనివ్వమ్మా, నిచ్చెన ఒకటి చాలో రెండు కావాలో కనుక్కుంటాను" అన్నాను హుషారుగా. "ఇంటికే అంకుల్. అమ్మ తెల్లవారుజామున నిద్రలోనే పోయింది" అంది.

నేను ముప్ఫై ఏళ్ళుగా బందరులో టెంట్ హౌస్ నడుపుతున్నాను. పెళ్ళికైనా చావుకైనా అవే కుర్చీలు, అవే గుంజలు. చెయ్యి తడబడే వృత్తి కాదు మాది. ఆ రోజు మాత్రం వాళ్ళ వీధిలో ఒక్క గుంజకి తాడు కట్టడానికి మూడుసార్లు ముడి విప్పాల్సి వచ్చింది. ఏడుపొచ్చింది, అందరి ముందూ ఏడ్చాను. వాళ్ళింటి మగవాళ్ళే నన్ను కుర్చీలో కూచోబెట్టి మంచినీళ్ళిచ్చారు.

ఆవిడెవరో మీకు చెప్పాలి కదా. బందరులో ఒక స్కూల్లో డ్రాయింగ్ టీచరుగా చేసి రిటైరయ్యారు. ఆ తర్వాత ఇంట్లో కూచోకుండా, విజయవాడ, విశాఖపట్నం, హైదరాబాదుల్లో కొత్తగా బొమ్మలేస్తున్న పిల్లలకి ఫోన్లు చేసి, వాళ్ళ బొమ్మలు బస్సు పార్సిల్లో తెప్పించి, మా చుట్టుపక్కల ఊళ్ళలో ప్రదర్శనలు పెట్టడం మొదలెట్టారు. హాల్లో కాదండోయ్. ఐసు ఫ్యాక్టరీలో, సెలూన్లో, రొయ్యల షెడ్డులో. ఎక్కడ నాలుగు గోడలు, పదిమంది పనివాళ్ళు ఉంటే అక్కడ. మూడు రోజులు ఉంచడం, విప్పేయడం. కట్టేదీ విప్పేదీ నేను. ఎగ్జిబిషన్ అనగానే జనం వచ్చి "జెయింట్ వీల్ ఎక్కడండీ?" అని నన్ను నిలదీసేవాళ్ళు.

మొదటి ప్రదర్శన బందరు ఐసు ఫ్యాక్టరీలో. ఓనరు ఒక పక్క గోడ ఖాళీగా ఉందని ఇచ్చాడు. బొమ్మలు నా చేతికప్పగించి, రేపొస్తానని టీచర్ గారు వెళ్ళిపోయారు. నాకు తెలిసిన పద్ధతి నాకుంది. ఫోటో అంటే కప్పు కింద మేకు కొట్టాలి, కాస్త ముందుకి వంచి కట్టాలి. అలాగే కట్టాను. ఊరుకోవచ్చా? మర్యాదగా ఉంటుందని ఒక్కో బొమ్మకీ బంతిపూల దండ వేసి, చుట్టూ మిణుకుమిణుకుమనే సీరియల్ లైట్లు పెట్టాను. పొద్దున్నే జనం చెప్పులు బయట విడిచి లోపలికొస్తున్నారు. ఒక పెద్దావిడ నల్లటి గుడ్డ మీద ఎర్ర ముక్కోణం ఉన్న బొమ్మకి దణ్ణం పెట్టి, "చిన్న వయసేనా నాయనా పోయింది?" అంది నాతో.

సరిగ్గా అప్పుడే వచ్చారు టీచర్ గారు. తిడతారనుకున్నాను. గోడకి జారబడి కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వారు.

ఆ నవ్వులోనే, చేపల గంపకి ఐసు వేయించుకుని పోతున్న ఒకావిణ్ణి ఆపి, "బొమ్మలు చూశావా అమ్మా?" అని అడిగారు. "నెత్తిన గంప పెట్టుకుని పైకెట్టా చూస్తామండీ? చేపలన్నీ మీ మీద పడతాయి" అందావిడ. టీచర్ గారి నవ్వు ఆగిపోయింది. హ్యాండ్‌బ్యాగులోంచి సుద్దముక్క తీసి, ఆవిణ్ణి గంపతో సహా గోడ పక్కన నిలబెట్టి, కళ్ళకి సరిగ్గా ఎదురుగా ఒక గీత గీశారు. "దండలు తీసెయ్యవయ్యా. అన్నీ ఈ గీత మీదకి దించు" అన్నారు.

అదే ఆవిడ పద్ధతి అయిపోయింది. ఏ చోటికెళ్ళినా ముందు ఒక పూట ఊరికే కూచుని అక్కడివాళ్ళు పని చేసుకోవడం చూసేవారు. వాళ్ళ కన్ను ఎక్కడుంటే అక్కడ సుద్దగీత. గీత ఎక్కడుంటే అక్కడ బొమ్మ. "బొమ్మ చూడ్డం కోసం మనిషి పని మానుకోకూడదయ్యా" అనేవారు. బంటుమిల్లిలో రొయ్యలు వలిచే ఆడవాళ్ళు పీటల మీద కూచుని పని చేస్తారు గనక బొమ్మలన్నీ నా నడుము కంటే కిందికొచ్చాయి. అవి చూడ్డానికొచ్చిన ఒక ఆఫీసరు గారు బిగుతు ప్యాంటుతో వంగలేక, కూచోలేక తంటాలు పడుతుంటే, ఒకామె తన పీట ఆయన వైపు తోసి "కూచోండి సార్, రొయ్యలు కూడా ఇమ్మంటారా?" అంది. షెడ్డు షెడ్డంతా గొల్లుమంది.

గుడివాడ సెలూన్లో అయితే బొమ్మలు కప్పుకే అంటించాం. గడ్డం గీయించుకునేవాడు తల వెనక్కి వాల్చి చూసేది కప్పునే కదా! నిచ్చెన మీద వెల్లకిలా వాలి అంటించేసరికి నా మెడ పట్టేసింది. మూడో రోజు సెలూన్ ఆయన వచ్చి, "గడ్డం అయిపోయినా లేవట్లేదండీ, ఇంకో రెండు నిమిషాలంటున్నారు, బయట బెంచీ నిండిపోయింది" అని మొత్తుకున్నాడు. టీచర్ గారికి అంతకంటే పెద్ద సన్మానం ఏం కావాలి?

ఎవరైనా "ఇదేం బొమ్మండీ?" అని అడిగితే ఆవిడ ఎప్పుడూ చెప్పేవారు కాదు. "ముందు మీకేం కనిపిస్తోందో చెప్పండి" అనేవారు. వాళ్ళు చెప్పింది విని, తల ఊపి, టీ పోయించేవారు. నన్ను మాత్రం వేరే ప్రశ్న అడిగేవారు. ప్రదర్శన విప్పేసి సామాను ఆటోలో వేస్తుంటే, "ఈసారి ఏ బొమ్మ నచ్చిందయ్యా?" అనేవారు. "అన్నీ బావున్నాయండీ" అనేవాణ్ణి. "అంటే ఒక్కటీ చూడలేదన్నమాట" అనేవారు. నిజమే. నాకు మేకులూ తాళ్ళూ తప్ప ఏమీ కనపడేవి కావు.

కోపం లేని మనిషని చెప్పను. కోపమొస్తే "నువ్వు" కాస్తా "తమరు" అయిపోయేది. మోపిదేవిలో సత్రం వరండాలో బస్సుల కోసం కింద కూచునేవాళ్ళకని ఆవిడ గీసిన గీత చూసి కూడా, వంగలేక బద్ధకించి, వరండా దూలానికి తాళ్ళు వేసి నేను నిలబడే ఎత్తులో కట్టేశాను. "తమరికి నడుం నొప్పి కాబోలు, తమరు కూచోండి" అని, ఆ వయసులో నిచ్చెనెక్కి తనే అన్నీ విప్పడం మొదలెట్టారు. కాళ్ళమీద పడినంత పని చేసి దింపాను. మళ్ళీ కట్టడం అయ్యాక ఫ్లాస్కు తీసి మొదటి కప్పు నాకే పోశారు. క్షమించాననడం ఆవిడకి రాదు, టీ పొయ్యడం వచ్చు.

పోవడానికి వారం ముందు ఇద్దరం పమిడిముక్కల ధాన్యం గోడౌనుకి వెళ్ళాం. సుద్దముక్క పట్టుకుని పూటంతా కూచున్నారు గానీ గీత గీయలేదు. "వీళ్ళ కన్ను ఎక్కడుందో నాకు అందట్లేదయ్యా. బస్తా కింద మొహమే కనపట్లేదు" అన్నారు. హమాలీల మేస్త్రీని పిలిచి, మోసేటప్పుడు ఏం చూస్తారని అడిగారు. "ఏం చూస్తామండీ, మా కాళ్ళు చూసుకుంటాం, జారకుండా" అన్నాడతను. సుద్దముక్క మళ్ళీ బ్యాగులో వేసుకుని, "ఆలోచిస్తాను" అని ఆటో ఎక్కారు.

ఆవిడ పోయాక బొమ్మల పార్సిళ్ళు నా షాపులో ఉండిపోయాయి. కొత్త ధాన్యం వచ్చేలోగా గోడౌను ఇస్తానన్న ఓనరు, ఇంక ఆలస్యమైతే కుదరదన్నాడు. టీచర్ గారి అమ్మాయి, "మీరెలా అంటే అలాగే అంకుల్" అని ఆ సుద్దముక్క తెచ్చి నా చేతిలో పెట్టింది. నాకు భయమేసింది. మేకు కొట్టడం వచ్చు గానీ గీత గీయడం నాకెక్కడొచ్చు? తప్పు ఎత్తులో కట్టానంటే ఊళ్ళోవాళ్ళంతా చూస్తారు, హమాలీలు చూడరు. పని చేసేవాళ్ళు చూడని ప్రదర్శన ఆవిడ దృష్టిలో జరగనట్టే. అది ఆవిడ ఆఖరి ప్రదర్శన.

గోడౌనుకి వెళ్ళి మేస్త్రీతో, "నా వీపు మీద ఒక బస్తా వెయ్యి" అన్నాను. అందరూ నవ్వారు. "నడుం పోద్ది, వద్దు బాబాయ్" అన్నాడు. నేను వినలేదు. సగం ధాన్యం నింపిన బస్తా ఎత్తారు. అబ్బో! మెడ దానంతటదే వంగిపోయింది. నాలుగడుగులు వేసేసరికి కళ్ళు కాళ్ళ మీదే ఉన్నాయి గానీ, దారి కోసం కాస్త ఎత్తితే చాలు, గోడ అడుగు భాగం కనపడింది, మోకాలెత్తున. "గియ్యండి గీత! ఇక్కడే, ఇక్కడే!" అని అరిచాను. మేస్త్రీ సుద్దముక్క తీసుకుని నా మోకాలి పక్కన గీశాడు.

రెండు రోజులు బందరు, గుడివాడల నుంచి జనం వచ్చారు. అందరూ వంగి, గొంతుక్కూచుని, నేలమీద చతికిలబడి చూశారు. "టీచర్ గారు పోగానే నీ ఇష్టారాజ్యం అయిపోయిందా? నేలకానించి కట్టావేంటి?" అని నా మీద విరుచుకుపడ్డవాళ్ళూ ఉన్నారు. హమాలీలు మాత్రం గుమ్మం దగ్గరే నిలబడ్డారు. లోపలికి రమ్మంటే సిగ్గుపడి నవ్వారు. నా గీత తప్పిందేమో అనుకున్నాను.

మూడో రోజు మధ్యాహ్నం మొదటి ధాన్యం లారీ వచ్చింది. ఓనరు బొమ్మలు తీసెయ్యమన్నాడు. "సాయంత్రం దాకా మీ పని మీరు కానివ్వండి, బొమ్మలకి మీ పని అడ్డం కాదు" అని బతిమాలాను. మేస్త్రీ మొదటి బస్తా వీపుకెత్తుకుని గోడ వెంబడే నడిచి వచ్చాడు. నాలుగో బొమ్మ దగ్గర అడుగు ఆగింది. పాత పసుపు గుడ్డ మీద అడ్డంగా ఒక ఆకుపచ్చ పట్టీ, అంతే ఆ బొమ్మ. బస్తా దించకుండానే, "ఇదేంటి బాబాయ్?" అన్నాడు.

"ముందు నీకేం కనిపిస్తోందో చెప్పు" అన్నాను.

"మా అమ్మ చీర అంచు" అన్నాడు. "చిన్నప్పుడు ఆవిడెనకాల చేలోకి నడుస్తుంటే నాకింతే కనపడేది."

నేనూ అతని పక్కన వంగి చూశాను. టీచర్ గారూ, ఆ బొమ్మ నాకు నచ్చిందండీ.

మేస్త్రీ కదల్లేదు. అతని వెనక బస్తాతో ఇంకొకడు వచ్చి ఆగి, వంగిన మెడతోనే గోడ వైపు తిరిగాడు. వాడి వెనక ఇంకొకడు. గోడ పొడుగునా బస్తాలు గుమ్మం దాటి లారీ దాకా వరసగా ఆగిపోయాయి. బయట లారీ డ్రైవరు ఏమైందో తెలీక హారన్ కొడుతూనే ఉన్నాడు.