అన్న దాచిన బరోలో సీసా

వైన్ బాగుంటే నేను మాట్లాడను. బాగోలేకపోతే మాత్రం నా నోటికి అడ్డూ అదుపూ ఉండదు. పాత ఇటలీ రెడ్ వైన్లు రుచి చూసి, కొనొచ్చో లేదో పెద్ద హోటళ్ళకు చెప్పడం నా ఉద్యోగం. రుచి చూడడమంటే తాగడం కాదు, పుక్కిలించి ఉమ్మేయడం. ఈ మాట మా చుట్టాల్లో ఒక్కరూ నమ్మలేదు, మా అన్న తప్ప.

అన్న బడిపంతులు. ఇల్లు నాంపల్లిలో. నేను హోటల్లో బల్లలు తుడిచే రోజుల్లో, ఒక ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద అట్ట చిరిగిన వైన్ల పుస్తకం కొనుక్కొచ్చి నా ముందు పడేశాడు. "తుడిచే బల్ల మీద ఏమున్నదో జర తెలుసుకోరా" అన్నాడు. ఆ పుస్తకమే నన్ను ఇటలీ దాకా తీసుకెళ్ళింది. అక్కడినుంచి అన్న కోసం బరోలో అనే రెడ్ వైన్ సీసా ఒకటి తెచ్చాను. అప్పటికది పచ్చి వైన్, నోరంతా వగరు చేస్తుంది. పదిహేనేళ్ళన్నా ఆగాలి. "నేను రిటైరైన నాడు తాగుదాం" అని అన్న దాన్ని బీరువాలో పడుకోబెట్టాడు.

రిటైర్మెంటు కంటే ముందు గొంతులో క్యాన్సర్ వచ్చింది. దవాఖానలో రేడియేషన్ కరెంటు పెట్టీ పెట్టీ నాలుక మీద రుచి చచ్చిపోయింది. ఇక చేసేదేమీ లేదని ఇంటికి పంపేశారు. ఆ వచ్చే ఆదివారం మధ్యాహ్నం అన్న నన్ను పిలిపించి సీసా తీయమన్నాడు.

బీరువా తెరిచాను. సీసా నిలబెట్టి ఉంది. దాని మీద కుంకుమ బొట్టు.

"పండవెట్టిన సీసాను చూస్తే నాకు మనసుల మంచిగ అనిపియ్యలే. తెచ్చిన ఏడాదే నిలవెట్టిన" అంది వదిన. "దసరాకు దసరాకు కడిగి, ఎండకు ఆరవెట్టి, బొట్టు పెట్టిన. నీ పనిముట్టు కదా."

పడుకోబెడితేనే బిరడా తడిగా ఉంటుంది. నిలబెడితే ఎండిపోయి గాలి దూరుతుంది. పైగా ఎండ. కోపంతో ఒళ్ళు మండింది, అదీ నా మీదే. ఆమెకు చెప్పాల్సింది నేను, చెప్పలేదు. బిరడా పొడిపొడిగా రాలింది. గ్లాసుల్లో పోస్తే బురద రంగు. వాసన పాడైపోయిన చింతపులుసు. ఇంకెవరి సీసా అయినా మొహం మీదే అనేసేవాణ్ణి.

అన్న తన గ్లాసును పెదాలకు తాకించి పక్కన పెట్టాడు. "నాకేం తెలుస్తలేదు. ఎట్లున్నదో నువ్వు చెప్పు."

ఒక గుక్క నోట్లో పోసుకున్నాను. ఉమ్మేద్దామంటే అన్న వాంతి చేసుకునే బేసిన్ తప్ప ఇంకేమీ లేదు. మింగేశాను. మింగి, చెప్పడం మొదలుపెట్టాను. ఎండు గులాబీ రేకులన్నాను. మంచి బరోలోకు ఉండే కొత్త తారు రోడ్డు వాసనన్నాను. పొగాకు, ఎండు చెర్రీలు అన్నాను. వైన్ గురించి జీవితంలో మొదటిసారి అబద్ధమాడాను, ఊపిరి తిప్పుకోకుండా ఆడాను. గుమ్మంలో నిలబడి వింటున్న వదిన మొహం వెలిగిపోయింది. నాకు మంచినీళ్ళు తెస్తానని వంటింట్లోకి వెళ్ళింది.

అన్న నా మణికట్టు పట్టుకున్నాడు. గొంతు సరిగా పెగలడం లేదు.

"మంచిగున్నదాని గురించి నువ్వు ఎన్నడన్న గింతసేపు మాట్లాడినవారా?"

నేను వంటింటి వైపు చూశాను.

"మీ వదినకు చెప్పకు" అన్నాడు. "నీ గ్లాసు ఖాళీ చెయ్యి. నాది గూడ."

వదిన నీళ్ళు తెచ్చేలోపు రెండూ తాగేశాను.