సభ ముగించనివ్వని ఆవిడ

నా స్నేహితురాలి అత్తగారు గుంటూరులో ఇంగ్లండ్ చరిత్ర చెప్పి రిటైరైన లెక్చరర్. కోడలి దగ్గర ఉందామని అమెరికాలో మా ఊరు ప్లేనో వచ్చారు. కోపం వస్తే కళ్లజోడు తీసి, "వినండి" అనేవారు.

ఒక ఆదివారం మా తెలుగు సంఘం సమావేశానికి ఆవిడా వచ్చారు. ఎన్నికలు ఎందుకు పెట్టడం లేదని సెక్రటరీని గట్టిగా అడిగాం. మొహం చాటేసి ఇంట్లో కూర్చున్న ప్రెసిడెంట్ నుంచి అతనికి మెసేజ్ వచ్చింది.

"మీటింగ్ క్లోజ్ చేసేయమన్నారు, సారీ," అంటూ అతను లేచాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆవిడ కళ్లజోడు తీసి, నేరుగా వెళ్లి, అతని భుజాలు నొక్కి కుర్చీలో కూర్చోబెట్టారు.

"వినండి. నాలుగొందల ఏళ్ల కిందట రాజు సభ వాయిదా వేయమన్నాడని ఇంగ్లండ్‌ పార్లమెంటులో స్పీకర్ ఇలాగే లేచాడు. సభ్యులు ఇలాగే పట్టి కూర్చోబెట్టి తీర్మానాలు చేశారు. ఊఁ, ఎన్నికలు కావాలన్నవాళ్లు చేతులెత్తండి!"

అందరం ఎత్తాం.

తెల్లారేసరికి ప్రెసిడెంట్ మా వాట్సాప్ గ్రూప్‌నే డిలీట్ చేశాడు. కోపంగా ఆవిడకి ఫోన్ చేశాను.

"ఆ రాజూ సభను రద్దు చేశాడమ్మా. పదకొండేళ్లకి గతిలేక తనే మళ్లీ పిలిచాడు. అంతవరకూ మీ కోపం చల్లారనివ్వకండి," అన్నారు.

ఆవిడ గుంటూరు వెళ్లిపోయారు. ప్రెసిడెంట్ ఇంకా పదవి దిగలేదు. ఎక్కడ కనబడినా, ఎన్నికలెప్పుడని నేను అడుగుతూనే ఉన్నాను.