ఇంజనుకు గొంగడి కప్పిన ప్రయాణం

నాగార్జునసాగర్ కడుతున్న రోజుల్లో, ఒక పుష్యమాసం బుధవారం నాడు నేను హుజూర్‌నగర్ నుంచి మహబూబ్‌నగర్ బయలుదేరాను. దవాఖానలో ఉన్న మా చెల్లె సుశీలను, దాని ఇరవై రోజుల కొడుకును ఇంటికి తెచ్చుకోవాలి. చలికాలంలో పసిపిల్లలతో ఈ దారిన పోయేవాళ్ళకు పనికొస్తుందని ఇదంతా రాస్తున్నాను. నా తొందర, నా కోపం కూడా మధ్య మధ్య తగులుతాయి. లెక్కల పంతులును, ఏం చేయను!

సుశీలకు ఇది రెండో కాన్పు. మొదటి బిడ్డ నెలలు నిండకుండా పుట్టి మూడో రోజే పోయాడు. ఈసారి ముందే పుట్టింటికి తెద్దామనుకుంటుండగా కొత్తకోటలో, అత్తగారింట్లోనే ఎనిమిదో నెలలో నొప్పులొచ్చాయి. బావ ఎట్లాగో మహబూబ్‌నగర్ చేర్చాడు. పిల్లవాడు నాలుగు పౌండ్లు కూడా తూగలేదు. బతికాడు, అంతే.

ఆరు గంటల బస్సుకు నేను ఐదింటికే పోయి నిలబడ్డాను. మిర్యాలగూడ, నల్లగొండ మీదుగా హైదరాబాద్ చేరేసరికి ఒంటిగంట దాటింది. కాచిగూడ స్టేషను బయట పూరీలు తిని, రెండు రూపాయల చిల్లర పెట్టి మూడో తరగతి టికెట్టు కొని చిన్న రైలెక్కాను. ఎదురుగా షాద్‌నగర్‌లో దిగే ముసలమ్మ ఒకామె కూర్చుంది. ఎక్కడికని అడిగి, సంగతంతా నా చేత చెప్పించి, "ఎన్మిదో నెల పిల్లగాడా! సలి తగలనియ్యకు బిడ్డా. గంతే, మిగిలింది వాడే సూసుకుంటడు" అంది. నాకు చిరాకేసింది. దారిన పోయేవాళ్ళందరూ వైద్యులేనా అనుకున్నాను.

దవాఖానలో డాక్టరమ్మ కూడా అదే మాట చెప్పింది. "ఒంట్లో కొవ్వు లేదు మాస్టారూ. పాదాలు చల్లబడితే పాలు తాగడు. పాలు తాగకపోతే ఇంకా చల్లబడతాడు. దారిలో కనిపెట్టుకుని ఉండండి" అంది. పుట్టినప్పటినుంచీ సుశీల చెయ్యి బిడ్డ పాదం మీదే ఉందట. నాతో మాట్లాడుతున్నా, అన్నం తింటున్నా, ఎడమ చెయ్యి మాత్రం గుడ్డల్లోనే.

బస్సులో తీసుకుపోయే మాటే లేదు. బావ పనిచేసే నూనె మిల్లు సాహుకారు తన కారు ఇచ్చాడు. అది పాత విలాయతు కారు. కాళ్ళ దగ్గర ఒక చిన్న డబ్బా ఉంటుంది. ఇంజనును చల్లబరిచే నీళ్ళు మరిగి ఆ డబ్బాలోకి వస్తాయి, లోపలి పంకా ఆ వేడిని మన మీదికి ఊదుతుంది. దాన్ని హీటరంటారని డ్రైవరు ఏసోబు చెప్పాడు. ఏసోబుది కొత్తకోటే. వాళ్ళ నాయిన పటేళ్ళ ఇంట్లో పాలేరుగా జీతం చేశాడు, కొడుకు నెల జీతానికి కారు నడుపుతున్నాడు. మనిషి నిదానం. నాకు పడని గుణం అదే.

గురువారం తెల్లవారుజామున ఐదుంబావుకు బయలుదేరమని అమ్మ అయ్యగారితో ముహూర్తం పెట్టించి పంపింది. పొద్దెక్కాక పోదామని సుశీల బతిమాలింది. "ముహూర్తం తప్పితే అమ్మ నన్ను బతకనిస్తదా? హీటరుంది కదనే!" అని కసిరాను. నిజానికి ముహూర్తం కంటే నా తొందరే ఎక్కువ. ఏసోబు దవాఖాన వాకిట్లో పావుగంట ఇంజను తిప్పి పెట్టాడు. హీటరు మీద చెయ్యి పెడితే కాలేంత వేడి. సెలవు దొరకని బావ, కొడుకును ఒకసారి చూసుకుని పక్కకు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. సరిగ్గా ఐదుంబావుకు కదిలాం.

జడ్చర్ల దాటామో లేదో సుశీల, "అన్నా, సల్లగాలొస్తాంది" అంది. అద్దం సందులోంచేమోనని నా తువ్వాలు కుక్కాను. అయినా అంతే. వంగి చూస్తే హీటరే చల్లగా ఊదుతోంది.

బండి ఆపించాను. ఏసోబు ఇంజను మూత లేపి, చిమ్నీ దీపం వెలుగులో నీళ్ళు చూశాడు. నిండుగా ఉన్నాయి. హీటరుకు పోయే రబ్బరు గొట్టం పట్టుకుని, "మంచిగ కాలుతాంది సారూ" అన్నాడు. లోపల చూస్తే నిజమే, వెచ్చగా వస్తోంది! సరేనని కదిలాం. రెండు మైళ్ళు పోయామో లేదో మళ్ళీ చల్లగాలి. మళ్ళీ ఆగాం, మళ్ళీ వెచ్చన. ఇట్లా మూడుసార్లయింది. నాకు ఒళ్ళు మండింది. "నీ హీటరు నాతోని పరాచికాలాడుతుందా?" అని ఏసోబు మీద అరిచాను. పాపం, అతను వంగి మళ్ళీ గొట్టం పట్టుకుని చూశాడు.

అప్పుడు సుశీల మెల్లగా అంది, "అన్నా, గాయనను తిట్టకు. పిల్లగాడు రొమ్ము పడతలేడు."

బిడ్డ పాదం ముట్టుకున్నాను. చల్లగా ఉంది. వెనక్కి పోదామంటే పదిహేను మైళ్ళు చలిలోనే పోవాలి. ఆగిపోదామంటే చుట్టూ చేన్లు తప్ప ఇల్లు లేదు. మొదటి పిల్లవాణ్ణి పూడ్చిపెట్టి వచ్చింది నేనే. ఆ బరువు ఎంతో నా చేతులకు తెలుసు. ముహూర్తమని, తొందరని నేనే కదా ఇంత చలిలో బయటికి లాక్కొచ్చానని నన్ను నేను తిట్టుకున్నాను.

"ఆగితే ఏడి, పోతుంటే సల్లన. అట్లెందుకైతది?" అంది సుశీల, నన్ను కాదు, ఏసోబును.

ఏసోబు బండిని కొంత దూరం నడిపి, స్టీరింగు ముందు ఇంజను వేడిని చూపే ముల్లును చూశాడు. ఆగి ఉన్నప్పుడు నడిమికి వచ్చిన ముల్లు, బండి పరుగెత్తగానే కింద పడిపోతోంది. ఒక్కసారిగా నెత్తి కొట్టుకున్నాడు. "అయ్యో యేసయ్యా! నేనే సారూ, నేనే! ఎండకాలంల ఇంజను మరుగుతదని లోపలి బిళ్ళ తీసి పారేసిన. మా దిక్కు డ్రైవర్లమంత తీసేస్తం."

బిళ్ళ అంటే నీళ్ళు బాగా వేడెక్కేదాకా ముందున్న రేడియేటరు జాలీలోకి పోనివ్వకుండా ఆపేదట. అది లేకపోతే నీళ్ళు ఎప్పుడూ జాలీలో తిరుగుతూనే ఉంటాయి. బండి పరుగెత్తుతుంటే ఎదురుగాలి వాటిని చల్లార్చేస్తుంది, ఇక హీటరుకు వేడెక్కడిది? మా ఎండలకు మంచి ఉపాయమే. పుష్యమాసంలో పసిగుడ్డుతో పోతామని ఎవరనుకున్నారు!

"జాలీకి గాలి తగలకుంట మందంగ ఏమన్న కట్టాలె" అన్నాడు ఏసోబు. చీర కడితే ఇంజను పంకాలోకి గుంజుకుంటుందట. దుప్పట్లన్నీ బిడ్డ మీదున్నాయి.

ఆరున్నరైంది. తెల్లబడుతోంది. మిడ్జిల్ ఇంకా రాలేదు. రోడ్డు పక్క చేనులో గొర్రెలమంద కనబడింది. ఎరువు కోసం రైతు తన చేనులో మంద పెట్టించుకున్నాడు. గొర్రెల కాపరి ముసలాయన గొంగడి కప్పుకుని మంటకాడ కూర్చున్నాడు. పక్కన ఆయన భార్య ఉంది. పేరడిగితే బీరయ్య అన్నాడు.

పురిటి బిడ్డ అంటే మైలని గొంగడి ఇవ్వడేమోనని భయపడి, "కారులో మా ముసలామెకు జ్వరం. నీ గొంగడి కల్వకుర్తి దాకా ఇయ్యి పెద్దయ్యా, ఐదు రూపాయలిస్త" అని అబద్ధమాడాను.

ఆయనకు కోపమొచ్చింది. "గొంగడి కిరాయికిస్తరా సారూ? మా ఇంట్ల లగ్గమైతె దీని మీదనే కూసుంటం."

నా వెనకే దిగొచ్చిన సుశీల గుడ్డలు కొంచెం తొలగించి చూపింది. "తాతా, ముసలామె లేదు. నా కొడుకు. ఇరువై దినాలాయె. కాళ్ళు సల్లబడ్డయి."

సిగ్గుతో నా తల వంగిపోయింది. బీరయ్య ముందుకొచ్చి చూసి, "గీ మాట చెప్తానికి ఎందుకు బుగులు? గొంగడికి మైలేంది! మేం గొర్రెపిల్లనైన, మా పిల్లనైన గిండ్లనే సుడతం" అంటూ గొంగడి తీశాడు. ఆయన భార్య ఒకటే షరతు పెట్టింది. "గొంగడి పోయిన కాడికి నువ్వు గూడ పో. మందను నేను సూస్త."

ఏసోబు గొంగడిని నాలుగు మడతలేసి, జాలీకి ముక్కాలు భాగం కప్పి, నులకతాడుతో బిగించాడు. బీరయ్య ముందు సీటులో ముడుచుకుని కూర్చున్నాడు. కదిలాం. ఒక మైలు, ఏమీ లేదు. రెండో మైలుకు ముల్లు లేచింది, లేచినది లేచినట్టే నిలబడింది. కాళ్ళ దగ్గర వెచ్చటి గాలి, అప్పుడే పొయ్యి మీదినుంచి దించిన సర్వ గిన్నెలోంచి వచ్చే ఆవిరిలాగా.

"అబ్బ! మల్ల మంటకాడ కూసున్నట్టే ఉంది" అని బీరయ్య కాళ్ళు చాపాడు.

ఇంకో పది నిమిషాలకు వెనకనుంచి చప్పుడు. పిల్లవాడు పాలు గుంజుతున్న చప్పుడు. సుశీల ఏడుస్తూ నవ్వింది. నాకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది. ఏసోబు భుజం మీద చెయ్యి వేశాను గానీ, తప్పు ఒప్పుకునే మాట గొంతు దాటడానికి కల్వకుర్తి దాకా పట్టింది.

కల్వకుర్తి చేరేసరికి ఎనిమిదింబావు. ఎండ బాగా వచ్చింది. ఏసోబు గొంగడి విప్పాడు. బీరయ్య దాన్ని నాలుగు వైపులా తిప్పి చూసుకుని, దులిపి, భుజాన వేసుకున్నాడు. ఇడ్లీ తిన్నాడు, రెండు కప్పుల చాయ్ తాగాడు, మిడ్జిల్ దాకా బస్సు టికెట్టుకు మాత్రం చిల్లర తీసుకున్నాడు. పోతూ పోతూ బిడ్డ నుదుటి మీద వేలు పెట్టి, "బతుకుతవురా కొడుకా" అన్నాడు. నేను చేతులెత్తి మొక్కాను.

అక్కడినుంచి చెప్పుకోదగ్గ కష్టమేమీ లేదు. మల్లేపల్లి దగ్గర సాగర్‌కు సిమెంటు మోసే లారీల దుమ్ము. హాలియాలో పన్నెండింటికి భోజనం, పప్పుచారు బాగుంది. ఈ దారిన చలికాలంలో పసివాళ్ళతో పోయేవాళ్ళకు నేను చెప్పేది ఇంతే: ఎండెక్కాకే బయలుదేరండి, ఎవరి కారెక్కినా ఎండాకాలంలో ఇంజనులోంచి ఏం తీసేశావని ముందే డ్రైవరును అడగండి, దారిలో ఎవరి సాయమైనా కావలసివస్తే నిజం చెప్పి అడగండి.

మిర్యాలగూడ దాటాక వెనక్కి తిరిగి చూస్తే సుశీల నిద్రపోయింది. నోరు కొంచెం తెరుచుకుంది. చెయ్యి బిడ్డ పాదం మీదనుంచి జారి సీటు మీద పడి ఉంది. ఇరవై రోజుల్లో ఆ చెయ్యి అక్కడ లేకపోవడం అదే మొదటిసారి అయ్యుంటుంది. నేను గాభరాగా చెయ్యి చాచి పాదం ముట్టుకున్నాను. వెచ్చగా ఉంది. చిన్నగా తన్నింది కూడా.

రెండున్నరకు హుజూర్‌నగర్. మా వాకిట్లో అమ్మ దిష్టి తీయడానికి ఎర్రనీళ్ళ పళ్ళెం పట్టుకుని నిలబడింది. ఏసోబు వేగం తగ్గించి, "లేపమంటరా సారూ?" అన్నాడు.

"వద్దు. ఆపకు. కోదాడ దిక్కు ఒక నాలుగు మైళ్ళు పోయి రానియ్యి" అన్నాను.

"ఓరేయ్, ఏడికి పోతున్రు రా!" అని అమ్మ కేక. నేను అద్దం దించకుండానే అరచెయ్యి చెంపకు ఆనించి, నిద్రపోతున్నారని సైగ చేశాను. అమ్మకు అర్థమైంది. పళ్ళెం కింద పెట్టి, అట్లాగే గడప మీద కూర్చుండిపోయింది.