అమ్మ తెచ్చిన బకెట్

నాన్న పిడుగురాళ్లలో సున్నపు బట్టీ కూలీ. బట్టీ అడుగు నుంచి కాలిన సున్నపుగడ్డలు లాగేవాడు, అమ్మ వాటిని గంపలకెత్తేది. మధ్యాహ్నం అన్నం క్యారియర్ తీసుకెళ్ళడం నా పని. ఇంటర్ రెండో ఏడు పరీక్షలు దగ్గరపడ్డాయి. ఆ రోజు క్యారియర్ అక్కడ పెట్టి, రేకుల షెడ్డు కింద కెమిస్ట్రీ లెక్కలు చేసుకుంటున్నాను.

సున్నంలో నీళ్ళు కలిస్తే ఎంత వేడి? మోల్‌కి అరవై ఐదు కిలోజౌళ్ళు. ఆ చర్యను ఎవరూ తోయక్కర్లేదు, దానంతటదే జరిగిపోతుంది. వెనక్కి రావాలంటే మళ్ళీ బట్టీలో కాల్చాల్సిందే. జవాబు కింద గర్వంగా రెండు గీతలు కొట్టాను. నిజానికి చదువురాని బట్టీ పనివాళ్ళకీ తెలిసిన సంగతే అది. పొద్దున్నే ఒంటికి నూనె రాసుకుంటారు, పొడి దులుపుకోనిదే నీళ్ళు ముట్టరు.

అంతలో నాన్న కేక. గడ్డ పగిలి పొడి రెండు కళ్ళలోనూ పడింది. అమ్మ "యేసయ్యా" అంటూ డ్రమ్ములో బకెట్ ముంచుకుని పరుగెత్తుకొచ్చింది. నేను అడ్డం పడ్డాను.

"నీళ్ళొద్దమ్మా! కళ్ళు ఉడికిపోతాయి!"

"మరెట్టాగే? మండిపోతన్నాడే!"

"పిల్ల చెప్పింది నిజమే, ఇంటరు చదివేది," అన్నాడు మేస్త్రీ. అమ్మ బకెట్ కింద పెట్టేసింది. ఎవరో కొబ్బరినూనె చుక్కలు వేశారు. బట్టీ యజమాని కారులో గుంటూరు ఆస్పత్రి చేరేదాకా నాన్న నా చెయ్యి వదల్లేదు.

ఆస్పత్రిలో సెలైన్ సీసాలు ఒకదాని తర్వాత ఒకటి ఆ కళ్ళ మీద పోశారు. తర్వాత డాక్టరు గారు నన్నొక్కదాన్నే వరండాలోకి పిలిచారు. "అక్కడే బకెట్లకొద్దీ నీళ్ళు పోసుండాల్సిందమ్మా. కంట్లో తడి ఎటూ ఉంటుందిగా, సున్నం దాంతోనే ఉడికింది."

బెంచీ మీద కూర్చుని లెక్క మళ్ళీ చేశాను. చిటికెడు సున్నం వేడిని నాలుగు చుక్కల కన్నీళ్ళకి పంచితే మరిగిపోతాయి. బకెట్ నీళ్ళకి పంచితే ఒక్క డిగ్రీ కూడా పెరగదు. ఎంత వేడో కట్టాను గానీ ఎన్ని నీళ్ళకో ఆలోచించలేదు. నా మిడిమిడి జ్ఞానం తగలెయ్య! ఆ బెంచీ మీదే ప్రాణం పోతే బాగుండుననిపించింది.

నాన్నకు కుడికన్ను పూర్తిగా పోయింది. ఎడమకంటికి వెలుతురు తెలుస్తుంది, అంతే. ఇప్పుడు నేను పిల్లలకు అదే పాఠం చెప్పే లెక్చరర్ని. ఇంటికి ఎవరొచ్చినా నాన్న ఆ కథ ఎత్తుకుంటాడు. మొన్న ఆదివారం పాస్టరు గారికీ చెప్పాడు.

"మా అమ్మాయి అడ్డం పడబట్టి ఈ కాస్త వెలుతురన్నా దక్కిందండీ. ఈవిడ బకెట్ ఎత్తుకొచ్చింది! పోసుంటే రెండూ పొయ్యేయి."

"నాకేం తెలుసండీ, చదువా సంధ్యా," అంది అమ్మ ఎప్పటిలాగే, తల వంచుకుని.

నిజం గొంతుదాకా వచ్చింది. నాన్న నేనున్నాననుకున్న వైపు తిరిగాడు. "అంతేగా అమ్మా?"

"అంతే నాన్నా," అన్నాను. అమ్మ టీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళింది.