వరలక్ష్మమ్మ గారి సిఫారసు ఉత్తరం

2023 మార్చి. ఛత్తీస్‌గఢ్‌లోని మా కొంటాకు బస్సు దూరంలో ఉన్న ఒక చిన్న డిగ్రీ కాలేజీలో నేను సైకాలజీ చెబుతున్నాను. నా హోదా ‘అతిథి వ్యాఖ్యాత’. అతిథి అన్నారు కదా అని మర్యాదలు జరుగుతాయనుకోకండి. పర్మనెంట్ మనిషి వచ్చేదాకా ఏటేటా కొత్తగా నియమించే ఉద్యోగమని దాని అర్థం. మా విభాగమంటే నేను, ఒక ఇనప బీరువా, ఒక ప్లాస్టిక్ మెదడు. ఆ మెదడులో ఎడమ సగం నేను చేరక ముందే ఎక్కడో పోయింది. కాబట్టి మా పిల్లలు కుడి సగం బాగా చదువుతారు.

సైకాలజీ అంటే ఎదుటివాళ్ల మనసులో మాట చదివే విద్య అని మా కాలేజీలో గట్టి నమ్మకం. మా చపరాసీ హల్బీ భాష మాట్లాడే పెద్దాయన, నాకు చాయ్ ఇచ్చేటప్పుడు గోడ వైపు చూస్తాడు. కళ్లలోకి చూస్తే లోపలున్నదంతా తెలిసిపోతుందని భయం. ప్రిన్సిపల్ గారు ఒకసారి నన్ను పిలిచి, వరండాలో కుళాయి ఎవరు విప్పుకుపోయారో పిల్లల మొహాలు చూసి చెప్పమన్నారు. చెప్పలేనన్నాను. “మరి ఏం నేర్పుతున్నారమ్మా?” అని ఆయన నిజంగానే బాధపడ్డారు.

పాఠాలతో పాటు ‘స్టూడెంట్ సపోర్ట్ సెల్’ కూడా నాదే. అంటే ఏ యూనివర్సిటీలో వేసవి శిబిరం ఉంది, ఎంఏ ప్రవేశ పరీక్ష ఎప్పుడు, ఎవరికి ఏ స్కాలర్‌షిప్ వస్తుంది, ఎవరికి గుండె దిగులుగా ఉంది, ఇవన్నీ చూసుకునే గది. అంతకు ముందు అందులో వాలీబాల్ నెట్లు పెట్టేవారు. ఇప్పటికీ మనసు విప్పి మాట్లాడుకోవడానికి వచ్చిన పిల్లలు నెట్లు తప్పించుకుని లోపలికి రావాలి.

ఆ నెలలో జగదల్‌పూర్‌లోని ఒక ఆసుపత్రి మానసిక ఆరోగ్య విభాగం నుంచి ఈమెయిల్ వచ్చింది. డిగ్రీలో సైకాలజీ చదువుతున్నవారికి మే నెలలో ఆరు వారాల ఇంటర్న్‌షిప్. అంటే డాక్టర్ల పక్కనే ఉండి పని నేర్చుకోవడం. ఈ వైపు పిల్లలకు అలాంటి అవకాశం రావడం నేను చూడటం అదే మొదటిసారి. రెండు రికమండేషన్ లెటర్లు కావాలన్నారు. ఒకటి పాఠం చెప్పే టీచరుది. రెండోది కాలేజీ బయట ఈ విద్యార్థి మనుషులతో ఎలా మెలుగుతారో కళ్లారా చూసినవారిది. గడువు నాలుగు రోజులు.

నాకు వెంటనే తట్టిన పేరు సోడి ముత్తి. మూడో సంవత్సరం. ఊరు గొల్లపల్లి. కొంటాలో చిన్నమ్మ ఇంట్లో ఉండి చదువుకుంటూ, సెలవు రోజుల్లో వరలక్ష్మమ్మ గారి బట్టల దుకాణంలో పనిచేసేది. ఇంట్లో దోర్లీ, దుకాణంలో తెలుగు, సంతలో హల్బీ, పరీక్షలో హిందీ. ఇన్ని భాషలు వచ్చిన పిల్ల క్లాసులో మాత్రం ఏ భాషలోనూ మాట్లాడేది కాదు.

దరఖాస్తులో స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ అని ఒక భాగం ఉంటుంది. ఈ చదువు ఎందుకు ఎంచుకున్నావో సొంత మాటల్లో రాయాలి. ముత్తి రాసి తెచ్చింది. మొదటి వాక్యం: ‘జాగ్రఫీలో సీట్లు అయిపోయినందున.’

“ముత్తీ, నిజమే అనుకో. కానీ ఇంకాస్త...”

“అబద్ధం రాయమంటరా మేడమ్?”

“వద్దు. చేరాక నీకేం నచ్చిందో రాయి.”

ముత్తి చాలాసేపు ఆలోచించి రెండో వాక్యం రాసింది: ‘చేరినంక తెలిసింది, జాగ్రఫీ కంటే ఇదే నయం.’ అప్పటికి అది చాలనుకున్నాను.

నా ఉత్తరం గురించి నాకు బెంగ లేదు. ఐదేళ్లుగా వాడుతున్న నమూనా ఒకటి కంప్యూటర్లో ఉంది. అందులో ఎనిమిది విశేషణాలుంటాయి: శ్రద్ధ, క్రమశిక్షణ, వినయం, అలా. పేరు మార్చితే సరిపోతుంది. మార్చి, సంతకం పెట్టేశాను. ఇక రెండో ఉత్తరం కోసం ఆదివారం కొంటాలో వరలక్ష్మమ్మ గారి దుకాణానికి వెళ్లాను.

ఆమెకు అరవై దాటాయి. భర్త పోయాక ఒక్కచేత్తో దుకాణం నడుపుతోంది. నేను విషయం చెబుతుంటే చీర మడతపెడుతూ విన్నది. ‘ఆరు వారాలు’ అనగానే చేయి ఆగింది.

“ఏంది మేడమ్? మే నెలలనా? పెళ్లిళ్లన్నీ అప్పుడే కదా! నన్ను చంపుదామనుకున్నరా?”

“ముత్తి భవిష్యత్తు వరలక్ష్మమ్మ గారూ. మీరు నాలుగు మంచి మాటలు రాస్తే...”

“ఉన్నది రాస్తా. లేనిది నేను రాయ.”

“ఉన్నదే రాయండి.”

“తెలుగులనే రాస్తా. నాకు హిందీ బేరమాడేందుకే వస్తది, రాసేందుకు రాదు.”

తెలుగులో రాస్తే నేను హిందీలోకి అనువదించి, యథాతథమని సంతకం పెట్టి జతచేయొచ్చు. సరేనన్నాను. దుకాణం అవతలి మూల ముత్తి తువ్వాళ్లు సర్దుతూ ఒక్కసారి కూడా ఇటు తలెత్తలేదు. మర్నాడు పొద్దున నేను కాలేజీ బస్సు ఎక్కుతుంటే వరలక్ష్మమ్మ గారు వచ్చి కవరు చేతిలో పెట్టింది. “చదువుకో మేడమ్. నాకేం భయం లేదు” అంది. బస్సు కదిలాక విప్పాను.

‘జగదల్‌పూర్ డాక్టర్లకు కొంటా బట్టల దుకాణం వరలక్ష్మి రాయునది. సోడి ముత్తి మా దుకాణంల మూడేండ్ల సంది పనిచేస్తున్నది. ఈ పిల్లతోని నాకున్న తిప్పలు రాస్తున్న.

గిరాకీ వస్తే ఈ రంగు మీకు బాగుంటదని చెప్పాలె. ఈ పిల్ల చెప్పదు. స్టూలు లాక్కొని కూసుంటది. వాళ్లు చెప్పేది వింటది. అంతా చెప్పినంక ఒక్క మాట అడుగుతది. దానితోని వాళ్లు ఇంకో గంట చెప్తరు. ఇప్పుడు నా దుకాణంల చీరలు కొనేటోళ్ల కంటే కొననోళ్లే ఎక్కువ కూసుంటున్నరు.

పోయిన దీపావళికి ఒకామె మొగనితోని కొట్లాడి, ఆ కోపంల మూడు పట్టుచీరలు తీసుకుంటనని వచ్చింది. నేను పరిచిన. ఈ పిల్ల ఆమెను మూలకు తీసుకపోయి మాట్లాడింది. ఆమె ఏడ్చింది, నవ్వింది, చాయ్ తాగింది. ఒక్క జాకెట్ ముక్క కొనుక్కొని ఇంటికి పోయింది.

ఆమె ఏం చెప్పిందే అని అడిగిన. చెప్పలే. దుకాణం నాది, చీరలు నావి, చాయ్ నాది. అయినా చెప్పలే. బతిమాలిన. చెప్పలే.

దోర్లీ తాత వస్తే దోర్లీల, లారీ డ్రైవరు వస్తే హిందీల మాట్లాడుతది. దాంతోని అందరూ నన్ను వదిలి ఈ పిల్ల కాడికే పోతరు. నేను గల్లా కాడ బొమ్మలెక్క కూసుంటున్న.

కాబట్టి ఈ పిల్ల మీకు అక్కరకు రాదు. తీసుకోవద్దని మనవి.’

బస్సులో పక్కనున్నవాళ్లు చూస్తున్నా పట్టించుకోకుండా నవ్వాను. కాలేజీ స్టాపు వచ్చేసరికి నవ్వు పోయి నీరసం వచ్చింది. సిఫారసు ఉత్తరంలో ‘తీసుకోవద్దని మనవి’ అని రాసినవాళ్లను నా ఉద్యోగంలో చూడలేదు.

సపోర్ట్ సెల్‌లో కూర్చుని హిందీలోకి రాయడం మొదలుపెట్టాను. చివరి వాక్యం దగ్గర కలం ఆగింది. హిందీలో ‘తీసుకోవద్దు’కూ ‘తీసుకోండి’కీ మధ్య తేడా ‘న’ అనే ఒక్క అక్షరం. అది ఎగిరిపోతే ఎవరికి తెలుస్తుంది? వరలక్ష్మమ్మ గారు హిందీ చదవదు. జగదల్‌పూర్ డాక్టర్లు తెలుగు చదవరు. ఆ ‘న’ వైపు చాలాసేపు చూశాను. ‘అనువాదం యథాతథం’ అని సంతకం పెట్టాల్సింది నేనే.

ముత్తిని పిలిపించాను. ఉత్తరం రహస్యం కాబట్టి చూపించకూడదు. చుట్టూ తిప్పి అడిగాను.

“వేరే ఎవరైనా రాసేవాళ్లు ఉన్నారా? మీ చిన్నమ్మ, పంచాయతీ సచివ్...”

“దుకాణం పెద్దమ్మ రాయలేదా మేడమ్?”

“రాసింది. కానీ...”

ముత్తి నా మొహం చూసింది. మా కాలేజీలో మొహాలు చదవగలిగేది నేను కాదని ఆ క్షణంలో నాకు తెలిసింది.

“నన్ను పంపుడు ఆమెకు కష్టంగ ఉంది మేడమ్” అంది. “నిన్నటి సంది నాతోని మాట్లాడుతలేదు. మడతపెట్టిన చీరలే మళ్లా విప్పి మడతపెట్టిస్తున్నది. ఏం రాసినా అదే పంపండి. మూడేండ్లు నన్ను చూసింది ఆమెనే.”

‘న’ను ఉంచేశాను. మా వైపు ఇంటర్నెట్ ఎప్పుడు పోతుందో తెలియదు. సాయంత్రం కొంటాకు తిరిగొచ్చి శబరి ఒడ్డున నిలబడితే, నదికి అవతలి టవరు నుంచి ఫోన్లో సిగ్నల్ రెండు గీతలు వచ్చాయి. అక్కడి నుంచే అప్‌లోడ్ చేశాను. ‘దరఖాస్తు అందింది’ అని వచ్చాక ఏదో తప్పు చేసినట్టే అనిపించింది.

పది రోజులకు ఫోన్ వచ్చింది. వీడియో ఇంటర్వ్యూ. సపోర్ట్ సెల్‌లో వాలీబాల్ నెట్లు కెమెరాకు కనపడకుండా ఒక మూలకు తోసి, నేను వాటి మీదే కూర్చున్నాను. ఒళ్లో ఆ ప్లాస్టిక్ సగం మెదడు. తెర మీద జగదల్‌పూర్ విభాగం పెద్ద డాక్టరు, కళ్లజోడు పెట్టుకున్న ఆవిడ. మాటలన్నీ హిందీలో.

రెండు మూడు మామూలు ప్రశ్నల తర్వాత ఆవిడ ఒక కాగితం చేతిలోకి తీసుకుంది.

“దీపావళికి చీరల కోసం వచ్చిన ఆమె మీతో ఏం చెప్పింది?”

ముత్తి తల దించుకుంది. “అది చెప్పలేను మేడమ్.”

“పేరు వద్దు. విషయం చెప్పండి చాలు.”

“కొంటా చిన్నది మేడమ్. విషయం చెప్తే పేరు చెప్పినట్లే.”

నేను మూలలోంచి చేతులూపాను. కళ్లతో బతిమాలాను. ముత్తి ఇటు చూడలేదు.

“చెప్తేనే ఇంటర్న్‌షిప్ ఇస్తానంటే?”

“మే నెలలో దుకాణంలో పని చాలా ఉంటుంది మేడమ్” అంది మర్యాదగా.

తెర మీద బొమ్మ కదల్లేదు. నెట్ పోయిందనుకున్నాను. పోలేదు. ఆవిడ నవ్వు ఆపుకుంటోంది.

“మా దగ్గరికి వచ్చినవాళ్లకు మొదటి వారం కాన్ఫిడెన్షియాలిటీ నేర్పుతాం. ఒకరు నమ్మి చెప్పుకున్నది ఇంకొకరికి చెప్పకపోవడం. కొందరికి ఆరు వారాలైనా రాదు. మీరు రండి.”

ముత్తి బయటకు వెళ్లాక ఆవిడ నన్ను పిలిచింది. నెట్ల మీద నుంచి లేచి కెమెరా ముందుకు వచ్చాను.

“ఆ దుకాణం ఆవిడ రాసినంత మంచి కేస్ రిపోర్ట్ ఈ ఏడాది నేను చదవలేదు. ఒక మనిషి ఏం చేస్తుందో, ఏం చేయదో చూసినట్టు రాసింది” అంది. తర్వాత కళ్లజోడు సవరించుకుంది. “మీ ఉత్తరం కూడా చదివాను. మూడో పేరాలో ఉన్న రమేశ్ ఎవరు?”

రమేశ్ అంతకు ముందు ఏడాది విద్యార్థి. నిజం చెప్పాలంటే, అతని ఉత్తరం కూడా ఇంకెవరిదో.

వార్త చెప్పడానికి దుకాణానికి వెళ్తే వరలక్ష్మమ్మ గారు నమ్మలేదు.

“నేను వద్దని రాసిన కదా! తీసుకున్నరా? గా డాక్టర్లకు చదువు రాదా, మేడమ్? మీరేమన్న మార్చి రాసిన్రా?”

“ఒక్క అక్షరం కూడా మార్చలేదండీ. మీరు రాసినందుకే తీసుకున్నారు.”

ఆమె గల్లా దగ్గర కూర్చుండిపోయింది. అల్మారాలో వరసగా పేర్చిన చీరల వైపు చూస్తూ, “ఇంకా గట్టిగ రాయాల్సింది” అంది. కాసేపటికి లేచి లోపలి నుంచి లేత నీలం రంగు సల్వార్ గుడ్డ తెచ్చి ముత్తి మీదికి విసిరింది. “ఆసుపత్రికి గా పాత డ్రెస్సు ఏసుకొని పోతవా? మా దుకాణం పరువేం గావాలె?” ముత్తి ఆ గుడ్డను పట్టుకుని నిలబడింది. నేను బయటికి వచ్చేశాను.

ముత్తి ఆరు వారాలూ ఉంది. అక్కడికి సుక్మా, బీజాపూర్ పల్లెల నుంచి వచ్చే పెద్దవాళ్లతో వాళ్ల భాషలో మాట్లాడగలిగింది తనొక్కతే అని డాక్టరు గారు నాకు రాశారు. ఇప్పుడు రాయ్‌పూర్‌లో ఎంఏ చదువుతోంది. సెలవులకు కొంటా వస్తే దుకాణంలోనే ఉంటుంది. ఆ నాలుగు రోజులూ అమ్మకాలు పడిపోతాయని వరలక్ష్మమ్మ గారు ఊరంతా చెప్పుకుంటుంది.

నేను కంప్యూటర్లోని ఆ నమూనా ఉత్తరం తీసేశాను. ఎనిమిది విశేషణాలు రాసి సంతకం పెడితే సాయం చేశానని ఐదేళ్లు నమ్మాను. నిజానికి ఆ పిల్లల్లో ఒక్కరిని కూడా నేను సరిగా చూడలేదు. ఇప్పుడు ఎవరికైనా సిఫారసు రాయాలంటే ముందు వాళ్లు ఉండే చోటికి, పనిచేసే చోటికి వెళ్తాను. వాళ్లలో మంచేమిటని అడగను. అడిగితే అందరూ ఆ ఎనిమిది మాటలే చెబుతారు. “ఈ పిల్లతో మీకున్న ఇబ్బంది ఏమిటి?” అని అడుగుతాను.

పోయిన నెల ఆవపల్లి నుంచి వచ్చి చదువుకుంటున్న ఒక విద్యార్థి కోసం హాస్టల్ వంటామె దగ్గరికి వెళ్లి ఇదే అడిగాను. ఆమె గరిటె పక్కన పెట్టి మొదలుపెట్టింది.

“ఏం చెప్పాలె మేడమ్! అన్నం వేళకు తినడు. నా గిన్నెలు తోముడు ఆలస్యమైతది. ఎందుకురా అంటే, కొత్తగ వచ్చిన పిల్లలు ఇంటి మీద బెంగతోని తింటలేరంట, వాళ్లు తిన్నంక తింటడంట. రోజూ ఇదే కథ!”

పక్కనున్న బల్ల మీద కాగితం పెట్టుకుని, ఆమె చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాను.